బీరువా కొనే ముందు

సభకు నమస్కారం.

దాతల పేర్లు కార్యదర్శిగారు చదివేశారు. ఆ ఆనవాయితీ తీరింది కనుక నేను నేరుగా మన తెలుగు గ్రంథాలయం డబ్బు విషయానికి, పిల్లల కోసం ఇంకో ఇనప బీరువా కొందామన్న తీర్మానానికి వస్తాను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఆ విభజన ప్రభావం గ్రంథాలయాల మీద తరువాత కనిపించింది. మద్రాసు ప్రభుత్వం 1948లో గ్రంథాలయ చట్టం చేసి ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వేసింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమూ ఆ పద్ధతినే తీసుకుంది. ఇప్పుడు అక్కడ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు చేరాలి. చేరవలసినదంతా చేరుతుందా అన్నది వేరే గొడవ. ఒడిశాలో 2001లో చట్టమైతే వచ్చింది కానీ, అందులో ఈ పన్ను లేదు. అందుకే మన తెలుగు పుస్తకాలకు సభ్యుల చందాలూ, ఇల్లు మారేవారు ఇచ్చిపోయే సంచులే ఆధారం. ఇచ్చినవారికి దండం. పాత పోటీపరీక్షల గైడ్లు మాత్రం ఇక చాలు.

అయితే డబ్బున్నా తీరని లోటు ఒకటుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసి తిరిగి ఇచ్చేస్తారు. అందుకే వారికోసం బీరువా కొందామన్న ఆ తీర్మానాన్ని నేను ఒప్పుకోలేను.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టేనాటికి ఊళ్లలో చదువు వచ్చినవారు ఎంతమంది? గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం, పాఠకులు తయారయ్యాక గ్రంథాలయం పెడదామని కూర్చోలేదు. రాత్రిబడులు నడిపారు, పత్రికలు బిగ్గరగా చదివి వినిపించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పుస్తకాలను పడవలో పంపించారు. అంత దూరం ఎందుకు, గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. మన బీరువాల్లో సవర పుస్తకం ఒక్కటీ లేదు! 1936లోనే మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కూడా రూపొందించారు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఈ ఏడు బీరువా సొమ్ముతో ఆదివారం పూట బిగ్గరగా చదివే గంట మొదలుపెడదాం. ఒడియా వర్ణమాల వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు పట్టుబడటం కష్టమేమీ కాదు. అ ఆలు, క ఖలు అదే వరుసలో ఉంటాయి, రూపాలు గుర్తుపడితే చాలు. కథ విన్నాక పది నిమిషాలు అక్షరాలు దిద్దిస్తే సరిపోతుంది. ఒక అర ఒడియాకు, ఒక అర సవరకు కేటాయిద్దాం. తెలుగువారి గ్రంథాలయంలో అవెందుకని అడిగేవారుంటారు. ఊరందరూ రాని గదికి మునిసిపాలిటీని సాయం అడగడానికి మనకు ముఖం చెల్లదు.

చదివి వినిపించడానికి ముగ్గురు ఒప్పుకున్నారు. సవర వచ్చినవారు ఒకరు కావాలి. మీకు తెలిసినవారుంటే టీ తాగే లోపు కార్యదర్శిగారికి పేరు చెప్పండి.