కొండదారి పందెంలో పాత కార్లు: పోటీ ఎక్కడుందో చూద్దాం

[తెరపై: చెట్ల మధ్య సన్నటి ఏటవాలు దారి. 1920ల నాటి కారు ఒక్కటే పైకి వెళ్తుంటుంది.]

నమస్కారం. కొండదారి పందెం వీడియోను ఎవరికి చూపించినా దాదాపు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "ఒక్కో కారు విడివిడిగా వెళ్తోంది, ఎవరూ ఎవరినీ దాటడం లేదు, పైగా అన్నీ ముసలి కార్లు. ఇది పందెమా, ఊరేగింపా?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే, మోటారు పందేలన్నిటిలోకీ పొరపాటును ఏమాత్రం క్షమించనిది ఇదే. ఇక్కడ పోటీ గడియారంతో: ఒక్కో కారు ఒంటరిగా కొండ ఎక్కుతుంది, అతి తక్కువ సమయంలో ఎక్కినది గెలుస్తుంది. కార్లన్నీ కలిసి చుట్లు తిరిగే సర్క్యూట్ పందెం చూసే కళ్లతో దీన్ని చూస్తే మాత్రం అసలు విషయం కంటబడదు. పైకి దూసుకుపోతున్న ఒక పాత కారును, దాన్ని నడుపుతున్న మనిషిని ఎలా గమనించాలో ఈ వీడియోలో వివరిస్తాను.

ముందు బయలుదేరే గీత దగ్గరికి వెళ్దాం. అక్కడ ఒక కార్యకర్త కారు వెనక చక్రం కింద చెక్క చీలను పెడతాడు. ఏటవాలు మీద కారు వెనక్కి జారకుండా అదే పట్టి ఉంచుతుంది కాబట్టి, డ్రైవరు కాలు బ్రేకు మీద ఉండనవసరం లేదు. అతని దృష్టంతా క్లచ్ మీద, ఇంజిన్ శబ్దం మీద ఉంటుంది. తర్వాత పచ్చ దీపం వెలుగుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. దీపం వెలిగినా కారు రెండు మూడు సెకన్లు కదలకపోతే, "అయ్యో, ఆలస్యం చేశాడు" అనుకుంటారు. బ్రిటన్‌లో జరిగే ఈ పందేలలో పచ్చ దీపానికి అర్థం దారి ఖాళీగా ఉంది, సిద్ధమైనప్పుడు బయలుదేరవచ్చు అని మాత్రమే. కారు ముందు భాగం గీత దగ్గర అడ్డంగా ఉండే కాంతికిరణాన్ని దాటిన క్షణం నుంచే గడియారం నడవడం మొదలవుతుంది. అందువల్ల ఆ రెండు మూడు సెకన్లను డ్రైవరు కోల్పోవడం లేదు. ఇంజిన్ సరైన వేగానికి వచ్చేదాకా చెవులు రిక్కించి వింటున్నాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్‌లో షెల్స్‌లీ వాల్ష్ అనే కొండదారి ఉంది. 1905 ఆగస్టులో అక్కడ మొదటి పందెం జరిగింది, నేటికీ అదే దారిలో పందేలు జరుగుతున్నాయి. దాని పొడవు 1000 గజాలు, అంటే 914 మీటర్లు. అంతలోనే దారి 100 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. అన్నిటికన్నా నిటారుగా ఉన్నచోట 6.24 మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకి వెళ్లినట్లు. ఆ చోట, డ్రైవరుతో కలిపి దాదాపు 830 కిలోల బరువు తూగే బుగాటీ టైప్ 35 వంటి తేలికపాటి కారును కూడా దాని సొంత బరువే 130 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది.

దీన్ని అప్పూ వడ్డీల లెక్కగా చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఆ ఏటవాలు మీద భూమి ఆకర్షణ ప్రతి సెకనుకూ కారు వేగంలో గంటకు ఐదున్నర కి.మీ. తీసుకుపోతుంది. అది కొండ వసూలు చేసే వడ్డీ. కారు సమతలం మీద సెకనుకు గంటకు 9 కి.మీ. చొప్పున వేగం పెంచుకోగలదనుకుందాం. అది ఇంజిన్ సంపాదన. తొమ్మిదిలో ఐదున్నర వడ్డీకి పోగా మిగిలేది మూడున్నర మాత్రమే. ఇప్పుడు డ్రైవరు ఒక మలుపులో కొంచెం ఎక్కువ భయపడి, అవసరానికి మించి బ్రేకు నొక్కి, గంటకు 10 కి.మీ. వేగం పోగొట్టుకున్నాడనుకోండి. సమతలం మీద ఆ అప్పు తీరడానికి సెకనుకు పైన కొద్దిగా పడుతుంది. కొండ మీద దాదాపు మూడు సెకన్లు కావాలి. షెల్స్‌లీ వంటి చిన్న దారిలో అప్పు తీరేలోపే ముగింపు గీత వచ్చేయవచ్చు.

[తెరపై: వేగం పెరుగుదలను చూపే రెండు గీతలు. ఒకటి సమతలం, రెండోది ఏటవాలు. రెండోది నెమ్మదిగా పైకి లేస్తుంది.]

అందుకే నేను పట్టుబట్టి చెబుతాను: ఈ పందెంలో కారు ఎంత వేగంగా పోతున్నదో చూడకండి, మలుపులోంచి ఎంత వేగంతో బయటపడుతున్నదో చూడండి. మలుపు ముందు ఉండే నేరుదారిలో అందరూ ధీరులే. మలుపు చివర ఎవరి కాలు ముందుగా యాక్సిలరేటర్ మీదికి వచ్చిందో, వచ్చినా కారు పక్కకు జారకుండా ఎవరు నిలబెట్టుకున్నారో అక్కడే తేడా పుడుతుంది.

పాత కారుకు ఇంకో కష్టం ఉంది. పాత కార్ల ప్రపంచంలో వింటేజ్ అని పిలిచేది 1919 నుంచి 1930 దాకా తయారైన కార్లను. వాటిలో అత్యధికం నేటి కార్లలాగా గేర్లు మెత్తగా పడే ఏర్పాటు లేనివే. గేర్‌బాక్సులోని పళ్లు ఒకే వేగంతో తిరిగేలా చూసుకునే బాధ్యత డ్రైవరుదే. కింది గేరుకు రావాలంటే అతను క్లచ్ నొక్కి గేరును న్యూట్రల్‌లోకి తెస్తాడు, క్లచ్ వదిలి యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తొక్కి ఇంజిన్ వేగం పెంచుతాడు, మళ్లీ క్లచ్ నొక్కి కింది గేరు వేస్తాడు. మన లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది దీన్నే. ఇదంతా మలుపులో బ్రేకు వేస్తూనే చేయాలి. అంటే కుడికాలు ఒకవైపు బ్రేకును పట్టి ఉంచుతూ, అదే పాదంతో యాక్సిలరేటర్‌ను తట్టాలి. దీనికి తోడు చాలా పాత కార్లలో యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడివైపు ఉంటుంది. ఇప్పటి కారుకు అలవాటుపడిన మనిషి కంగారులో బ్రేకనుకుని దేన్ని తొక్కుతాడో ఒక్కసారి ఊహించండి. గేరు కడ్డీ తరచుగా కుడిచేతి వైపు, కొన్నిటిలో ఏకంగా కారు పక్కపలక బయట ఉంటుంది. స్టీరింగ్ తిప్పే పని అంతసేపూ ఎడమచేతి మీదే పడుతుంది.

వడ్డీ లెక్కలో దీని అర్థం ఏమిటి? గేరు న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ సంపాదన సున్నా, వడ్డీ మాత్రం ఆగదు. ఒక పూర్తి సెకను అలా గడిస్తే, గాలి నిరోధాన్ని పక్కనబెట్టినా, గంటకు ఐదున్నర కి.మీ. పోయినట్లే. కాబట్టి గేరు మార్చేటప్పుడు అర సెకను మిగుల్చుకున్న డ్రైవరు పదునైన ఇంజిన్ ఉన్న పోటీదారును ఓడించగలడు. దీన్ని వీడియోలో కళ్లతో పట్టుకోవడం కష్టం, చెవులతో సులభం. కారు చెట్ల వెనక మాయమైనప్పుడు కళ్లు మూసుకుని వినండి. ఇంజిన్ శబ్దం పెరుగుతూ పెరుగుతూ ఒక్కచోట తెగుతుంది, తర్వాత మరో స్థాయిలో మళ్లీ మొదలవుతుంది. మధ్యలోని ఆ ఖాళీ ఎంత చిన్నదైతే డ్రైవరు అంత నేర్పరి. ఖాళీలో కరకరమనే ఇనుప శబ్దం వినిపించిందంటే పళ్లు కలవలేదు, అతను మళ్లీ ప్రయత్నిస్తున్నాడు, ఆ పరుగు అక్కడితో చెడినట్లే.

హెయిర్‌పిన్ మలుపులో చూడవలసినది మరొకటి ఉంది. గ్లాస్టర్‌షైర్‌లోని ప్రెస్కాట్ దారిలో పార్డన్ అనే మలుపు ఇందుకు నాకు ఇష్టమైన ఉదాహరణ. ఆ దారి 1930ల చివరి నుంచి బుగాటీ యజమానుల క్లబ్బు చేతిలో ఉంది. దారి నిటారుగా పైకి లేస్తూనే వెనక్కి మెలి తిరిగే పార్డన్ దగ్గర కారు బరువు బయటి చక్రాల మీదికి వాలుతుంది, లోపలి వెనక చక్రం తేలికవుతుంది. సాధారణ డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉన్న కారులో అప్పుడు బలమంతా ఆ తేలిక చక్రానికే పోతుంది. అది ఊరికే గిరగిరా తిరిగి పొగ లేపుతుంది, కారు మాత్రం ముందుకు కదలదు. ఇంజిన్ సంపాదిస్తూనే ఉంది, కానీ సంపాదన రోడ్డు మీద ఒలికిపోతోంది. కొండ తన వడ్డీని తాను తీసుకుంటూనే ఉంది.

ఇప్పుడు అదే మలుపులోకి జీఎన్ అనే చిన్న కారును పంపండి. రెండు సిలిండర్ల ఇంజిన్, సన్నని చట్రం, వెనక ఇరుసుకు ఒక్కో గేరుకు ఒక్కో చైన్. దానికి డిఫరెన్షియల్ అసలే లేదు. రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. మామూలు రోడ్డు మీద ఇది లోపమే, కారు తిరగడానికి మొరాయిస్తుంది. కానీ పార్డన్ వంటి చోట లోపలి చక్రం తేలికైనా బయటి చక్రం పట్టు వదలదు. డ్రైవరు తోకను కావాలనే పక్కకు జార్చి, ముక్కును పైదారి వైపు తిప్పి, చైన్లు కిర్రుమంటుండగా ఎక్కేస్తాడు. ఇక్కడ డ్రైవరు మోచేతులు చూడండి. స్టీరింగును ఎంతసేపు వ్యతిరేక దిశలో పట్టి ఉంచాడో, ఎప్పుడు నేరు చేశాడో స్పష్టంగా కనిపిస్తుంది. డ్రైవరు నడుము దాకా బయటికి కనబడడమే పాత కార్ల పందెం చూడడంలో ఉన్న గొప్ప భాగ్యం, ఇప్పటి మూసివున్న కార్లు ఆ అవకాశం ఇవ్వవు. 1920ల రెండవ సగంలో బాసిల్ డావెన్‌పోర్ట్ 'స్పైడర్' అనే తన జీఎన్ కారుతో షెల్స్‌లీ రికార్డును ఒకటికి మించి సార్లు తిరగరాశాడంటే, ఆ కారు పేదరికం వెనుక ఎంత తెలివి ఉందో గ్రహించవచ్చు.

బలం మాత్రమే చాలదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం హాన్స్ స్టుక్. యూరప్ అంతా 'పర్వతాల రాజు' అని పిలుచుకున్న ఈ డ్రైవరు 1930లో ఆస్ట్రో-డైమ్లర్ కారులో షెల్స్‌లీని 42.8 సెకన్లలో ఎక్కి రికార్డు సృష్టించాడు. 1936లో అతనే, అప్పటికి ప్రపంచంలోని అత్యంత శక్తివంతమైన కార్లలో ఒకటైన ఆటో యూనియన్‌తో మళ్లీ వచ్చాడు. ఆ రోజు వాన పడింది. తడి దారి మీద అంత శక్తికి పట్టు దొరకలేదు. తన పాత సమయాన్ని తానే అందుకోలేకపోయాడు. సంపాదన ఎంత ఉన్నా టైర్లు దాన్ని రోడ్డుకు చేర్చకపోతే వడ్డీ కట్టడానికి పనికిరాదు. ఈ కారణంగానే ఆ రోజుల్లో కొండదారి కార్లకు వెనక ఒక్కో వైపు రెండేసి టైర్లు బిగించేవారు. ఫోటోలలో అలాంటి కారు కనబడితే అది అలంకారం కాదని గుర్తుంచుకోండి.

సమయం తక్కువగా ఉంది కాబట్టి పొడవైన పర్వత దారుల గురించి త్వరగా చెబుతాను. స్విట్జర్లాండ్‌లోని క్లౌసెన్ కనుమ మీద 1922 నుంచి 1934 దాకా జరిగిన పందెం 21.5 కి.మీ. పొడవు. అందులో 136 మలుపులు, 1237 మీటర్ల ఎక్కుడు. దారి మధ్యలో ఉర్నర్‌బోడెన్ అనే చదునైన లోయ వస్తుంది. అక్కడ వడ్డీ దాదాపు ఉండదు, పెద్ద ఇంజిన్లు అక్కడే అప్పులు తీర్చుకుని లాభం కూడబెట్టేవి. 1934లో రుడాల్ఫ్ కారచ్చియోలా మెర్సిడెస్‌లో ఈ దారిని 15 నిమిషాల 22.2 సెకన్లలో పూర్తి చేశాడు. సగటున గంటకు దాదాపు 84 కి.మీ. వేగం. ఇలాంటి దారిలో ప్రేక్షకుడికి ఒక్క మలుపే కనిపిస్తుంది, కనుక ఒకే తరగతికి చెందిన కార్లను ఒకదాని తర్వాత ఒకటి అదే మలుపులో పోల్చి చూడడం తప్ప మరో మార్గం లేదు.

అమెరికాలోని పైక్స్ పీక్ ఇంకా కఠినం. 1916లో మొదలైన ఈ పందెం 2862 మీటర్ల ఎత్తున బయలుదేరి 4302 మీటర్ల దగ్గర ముగుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్ సంపాదనే తరిగిపోతుంది. కార్బురేటర్ ఉన్న పాత కారులో గాలి తగ్గినా పెట్రోలు ఆ మేరకు తగ్గదు. మిశ్రమం చిక్కబడి ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, వెనక నల్లపొగ వస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమే జెట్. కింద సరిపోయే జెట్ పైన సరిపోదు, పైన సరిపోయేది కింద ఇంజిన్‌ను ఆకలితో ఉంచుతుంది. మెకానిక్ ఏదో ఒక మధ్యస్థ పరిమాణం ఎంచుకోవలసిందే. అందుచేత బయలుదేరేచోట కొంచెం బిగుసుకుపోతున్నట్లు అనిపించే కారును చూసి తొందరపడి తీర్పు చెప్పకండి. అది శిఖరం కోసం సిద్ధం చేసిన కారు కావచ్చు.

చివరగా, ఫలితాల పట్టికను ఎలా చదవాలో చెబుతాను. సాధారణంగా ప్రతి డ్రైవరుకూ ఒకటికి మించి పరుగులు ఉంటాయి, ఉత్తమ సమయాన్నే లెక్కిస్తారు. బ్రిటన్ పందేలలో మొత్తం సమయంతోపాటు మొదటి 64 అడుగులు, అంటే సుమారు 19.5 మీటర్లు దాటడానికి పట్టిన సమయాన్ని కూడా కొలుస్తారు. ఒకే డ్రైవరు రెండు పరుగులను పక్కపక్కన పెట్టండి. 64 అడుగుల సమయం మారకుండా మొత్తం సమయం తగ్గితే, ఆ తగ్గుదల అంతా మలుపుల నుంచి, గేర్ల నుంచి వచ్చిందే. 64 అడుగుల సమయమే తగ్గి, మొత్తం మాత్రం అలాగే ఉంటే, బయలుదేరేచోట మిగిల్చుకున్నది పైన ఏదో మలుపులో పోయింది. ఆ మలుపు ఏదో తెలుసుకోవడానికి వీడియోను వెనక్కి తిప్పి, శబ్దం మాత్రమే వింటూ మరోసారి చూడండి.