ఉండారా లావా సొరంగాలు: కెయిన్స్ నుంచి కారులో, రాత్రి రైలు బోగీలో బస | పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా వచ్చిన మనవాళ్లు చాలామంది సిడ్నీ, మెల్‌బోర్న్ చూస్తారు. ఇంకొంచెం ఓపిక ఉంటే కెయిన్స్ వెళ్లి సముద్రంలో పగడపు దిబ్బలు చూసి తిరిగొచ్చేస్తారు. ఆ కెయిన్స్‌కి నైరుతి దిక్కున, సుమారు 275 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉండారా వల్కానిక్ నేషనల్ పార్క్ గురించే ఈ వీడియో.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇది పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చోటు కాదు. కనీసం రెండు రాత్రులు ఉండగలిగితేనే ప్లాన్ చేసుకోండి. అలా ఉండగలిగితే మాత్రం, ఆస్ట్రేలియాలో నేను చూసినవాటిలో దీన్నే మొదట పెడతాను.

రోడ్డు సంగతి చూద్దాం. కెయిన్స్ దాటి కొండెక్కితే అథర్టన్ టేబుల్‌ల్యాండ్స్ అనే పీఠభూమి వస్తుంది. గిల్లీస్ రేంజ్ రోడ్డులో వెళ్తే 19 కిలోమీటర్లలో 263 మలుపులు! ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పేవాళ్లు కారులో ఉంటే కురండా, మరీబా మీదుగా వెళ్లండి. పైకి వెళ్లాక అంతా పచ్చదనమే. రేవెన్స్‌హో అనే చిన్న ఊరు వస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో అన్నిటికంటే ఎత్తులో ఉన్న ఊరు ఇదే, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. పక్కనే మిల్‌స్ట్రీమ్ జలపాతం ఉంది, ఓ అరగంట ఆగి చూడండి.

రేవెన్స్‌హో దాటాక కిటికీ బయటే చూస్తూ ఉండండి. సముద్రం మీంచి వచ్చే మబ్బులు తూర్పు కొండల మీదే కురిసేస్తాయి, ఇవతలికి వచ్చేసరికి వాటిలో పెద్దగా వాన మిగలదు. అందుకే కొద్ది దూరంలోనే వర్షారణ్యం పోయి, పలచటి యూకలిప్టస్ చెట్లు, ఎండిన గడ్డి, మనిషంత ఎత్తు చెదపుట్టలు మొదలవుతాయి. విమానంలో వచ్చి దిగితే ఈ మార్పు తెలియదు. కారులోనే వెళ్లమని నేను పట్టుబట్టేది ఇందుకే. దారిలో ఇన్నాట్ హాట్ స్ప్రింగ్స్ అనే చోట వాగులోనే వేడినీటి ఊటలు ఉన్నాయి. కాలు పెట్టే ముందు నీళ్లెంత వేడిగా ఉన్నాయో చూసుకోండి, కొన్నిచోట్ల నిజంగా కాలుతుంది.

మౌంట్ గార్నెట్‌లో ట్యాంకు నింపేయండి. ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారంతా తారు రోడ్డే కాబట్టి మామూలు కారు చాలు. డ్రైవింగ్ కూడా మనలాగే ఎడమవైపు. టెన్షన్ పెట్టేవి రెండే. ఒకటి రోడ్ ట్రెయిన్లు, అంటే పొడవాటి లారీలు. మూడు ట్రెయిలర్లు తగిలించుకుని 53 మీటర్ల పొడవుతో వస్తాయి. రోడ్డు ఇరుగ్గా ఉన్నచోట ఎదురొస్తే, పంతానికి పోకుండా పక్కకు దిగి ఆగిపోండి. రెండోది జంతువులు. సూర్యాస్తమయం నుంచి కంగారూలు రోడ్డు మీదకు వస్తాయి, కంచె లేని చోట ఆవులు కూడా. మధ్యాహ్నం మూడింటికల్లా బసకు చేరేలా బయల్దేరండి.

ఇక బస. పాత క్వీన్స్‌లాండ్ రైల్వే బోగీలను తెచ్చి, బాగుచేసి, చెట్ల మధ్య గదులుగా మార్చారు. ఈ నేల మీద 1860ల నుంచి పశువులను పెంచిన కాలిన్స్ కుటుంబం చేసిన పని అది. చెక్క గోడలు, పాతకాలపు కిటికీలు, తలుపు తీస్తే అడవే. రైలు బోగీ కాబట్టి గది సన్నగా ఉంటుంది. పెద్ద పెద్ద సూట్‌కేసులు వద్దు, చిన్న బ్యాగులే పట్టుకెళ్లండి. టెంట్లకు, క్యారవాన్లకు కూడా స్థలం ఉంది, ఖర్చు తగ్గించుకోవాలంటే అదే మంచిది. శాకాహారులైతే పొడులు, పచ్చడి, కాస్త బియ్యం వెంట ఉంచుకోండి, నిశ్చింతగా ఉంటుంది.

అసలు విషయం భూమి లోపలుంది. సుమారు 1,90,000 ఏళ్ల క్రితం ఇక్కడ అగ్నిపర్వతం నుంచి లావా పొంగింది. హాలీవుడ్ సినిమాల్లోలా పేలలేదు, నదిలా పారింది. పాత వాగుల పల్లాలు పట్టుకుని ఒకవైపు 160 కిలోమీటర్ల దాకా వెళ్లింది. పాలు చల్లారుతుంటే మీగడ కట్టినట్టు, పారే లావా మీద పైపొర గట్టిపడింది. ఆ పొర కింద వేడి బయటికి పోలేదు, అందుకే లోపలి లావా గడ్డకట్టకుండా అంత దూరం వెళ్లగలిగింది. పొంగడం ఆగాక లోపలిది జారిపోయింది, పైకప్పు మిగిలింది. మనం నడిచేది ఆ ఖాళీలోనే.

మనకు గుహలంటే బొర్రా గుర్తొస్తుంది. కానీ ఈ రెండూ పుట్టిన తీరే వేరు. బొర్రా సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగిస్తే ఏర్పడింది. ఉండారాలో గోడలు బసాల్ట్, నల్లరాయి. లావా మట్టం తగ్గుతూ వచ్చిన ఆనవాళ్లు గోడల మీద గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతల మీద టార్చి వేసి గైడ్ చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు. రాజమండ్రి వాళ్లకు ఒక మాట: కాతేరు, పంగిడి దగ్గర క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా లావానే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమాన పొంగిన దక్కన్ లావా, వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. ఉండారా చూశాక ఆ క్వారీ రాయిని మామూలు కంకరగా చూడలేం.

కొన్నిచోట్ల పైకప్పు కూలి గుంటలు పడ్డాయి. వాటిలో నీడ, తేమ నిలబడతాయి కాబట్టి, చుట్టూ గడ్డి ఎండిపోయినా అక్కడ తీగలల్లుకున్న దట్టమైన అడవి పెరుగుతుంది. సొరంగాల్లోకి గైడ్ లేకుండా పంపరు, అది మంచిదే. బేలిస్ గుహ లాంటి చోట్ల కార్బన్ డయాక్సైడ్ ప్రమాదకరమైన స్థాయిలో ఉంటుంది.

నన్ను ఇంకా వదలని విషయం ఒకటుంది. ఇదే అగ్నిపర్వత ప్రాంతంలో, ఉండారాకు దక్షిణంగా కిన్‌రారా అనే అగ్నిపర్వతం సుమారు 7,000 ఏళ్ల క్రితమే పొంగింది. అప్పటికే ఇక్కడ మనుషులున్నారు. గుగు బదున్ ఆదివాసుల నోటి కథల్లో వాగుల వెంట నేల మండిపోయిన ప్రస్తావన ఉంది. అది ఈ పొంగును కళ్లారా చూసినవాళ్ల జ్ఞాపకమే కావచ్చని పరిశోధకులు అంటున్నారు. రాత లేకుండా, తాత నుంచి మనవడికి, ఏడు వేల ఏళ్లు! ఆ నేల మీద నిలబడి ఈ మాట వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

గైడ్ అవసరం లేకుండా మీరే ఎక్కగలిగేది కల్కానీ క్రేటర్. అగ్నిపర్వత బిలం అంచు చుట్టూ నడక, మొత్తం రెండున్నర కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్లండి, నీళ్లు తీసుకెళ్లండి. పైనుంచి చూస్తే మైదానంలో అక్కడక్కడా లేచిన గుట్టలు కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో అలాంటి అగ్నిపర్వతాలు 160కి పైగా ఉన్నాయి. మర్నాడు పొద్దున చెట్ల కింద బుష్ బ్రేక్‌ఫాస్ట్ తప్పకుండా తినండి. నిప్పుల మీద మనమే రొట్టె కాల్చుకోవాలి, టీ కూడా మంట మీదే కాస్తారు. కూకబరా పక్షులు చేతిలోది ఎత్తుకుపోతాయి, పిల్లలకు ముందే చెప్పండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లొచ్చా? మోకాళ్ల నొప్పి లేకపోతే తప్పకుండా. సొరంగాల్లోకి మెట్లు, చెక్క నడకదారులు ఉన్నాయి, కానీ కొన్ని టూర్లలో రాళ్ల మీద నడవాలి. బుక్ చేసేటప్పుడు ఏ టూర్‌లో ఎన్ని మెట్లో అడిగి తీసుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నదే కష్టమైన ప్రశ్న. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు వానలుండవు, పగలు హాయిగా, రాత్రి చలిగా ఉంటుంది, స్వెటర్ కావాలి. గబ్బిలాలు గుంపులుగా గుహ నుంచి బయటికి ఎగరడం, వాటి కోసం పాములు గుహ ముందు కొమ్మలకు వేలాడడం చూడాలంటే మాత్రం వేసవే సరైన కాలం, అంటే మన చలికాలం. ఆ నెలల్లో ఎండ, ఉక్క, వాన, కొన్ని సొరంగాల్లోకి నీళ్లు కూడా. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే జూన్, జులై ఎంచుకోండి. క్వీన్స్‌లాండ్ స్కూళ్లకు సెలవులు కూడా అప్పుడే కాబట్టి, గదితోపాటు టూర్లు అదే రోజు బుక్ చేసేయండి. గది దొరికి టూర్ దొరకకపోతే సొరంగంలోకి వెళ్లలేరు.