అప్‌గ్రేడ్ వేళ సర్వర్‌లోకి ఎవరిని రానివ్వాలి?

అందరికీ నమస్కారం.

డేటాబేస్ అప్‌గ్రేడ్ అనగానే బ్యాకప్ గురించి అడుగుతాం, ఎంతసేపు పడుతుందని అడుగుతాం. ఆ కాసేపు సర్వర్‌లోకి ఎవరు రాగలరని అడిగేవారు తక్కువ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను ముందు పెట్టుకుని ఆ సంగతే చెబుతాను.

పోస్ట్‌గ్రెస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పనిముట్టు పీజీ_అప్‌గ్రేడ్. అది పాత సర్వర్‌ను, కొత్త సర్వర్‌ను తానే నడుపుతుంది, తానే ఆపుతుంది. మధ్యలో ఏ అప్లికేషనో వచ్చి నాలుగు వరుసలు రాసిపోతే లెక్క తప్పుతుంది. అందుకే అది మామూలు 5432 పోర్టును వదిలి 50432ను వాడుతుంది. యూనిక్స్ యంత్రాల్లో నెట్‌వర్క్ వైపు అసలు చెవి ఒగ్గదు. పైగా ఆ సమయంలో సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) కానివారిని సర్వరే వెనక్కి పంపేస్తుంది.

ఇంత కట్టుదిట్టం చేసినా, అప్లికేషనే సూపర్‌యూజర్‌గా లాగిన్ అవుతుంటే ఆ చివరి అడ్డు దాన్ని ఆపదు. అత్యవసరానికని సూపర్‌యూజర్‌కు విడిగా ఉంచే 3 కనెక్షన్లనూ అదే మింగేస్తుంది. అప్‌గ్రేడ్ తేదీ ఖాయం చేసేముందే అప్లికేషన్ వాడే ఆ రోల్ (డేటాబేస్ ఖాతా) మార్చండి. ఇందులో బేరం లేదు.

ఇక పీజీ_హెచ్‌బీఏ ఫైలు, అంటే ఎవరు ఎక్కడి నుంచి లోపలికి రావచ్చో రాసి ఉండే ఫైలు. పైన ఒక రిజెక్ట్ వరుస రాసి రీలోడ్ చేస్తే పని అయిపోయిందనుకుంటారు. అది గేటు దగ్గర కాపలా మాత్రమే. ఇప్పటికే లోపల ఉన్నవారి జోలికి పోదు. వారిని కనెక్షన్ తెంపే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ ఫంక్షన్‌తో పంపించాలి, అదీ గేటు మూశాకే. ముందే పంపిస్తే అప్లికేషన్ కోసం కనెక్షన్లను తెరిచి ఉంచే కనెక్షన్ పూల్ రెప్పపాటులో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆ ఫైలులో మొదట సరిపోలిన వరుసదే తీర్పు కాబట్టి, రిజెక్ట్‌ను అడుగున రాస్తే రాయనట్టే. ఒక రోల్ నుంచి కనెక్ట్ హక్కు రద్దు చేసి నిశ్చింతగా ఉండటమూ అంతే: ఆ హక్కు మొదటి నుంచీ పబ్లిక్‌కు, అంటే అన్ని రోల్‌లకూ ఉంటుంది, అక్కడ తీయకపోతే తలుపు తెరిచే ఉంది.

మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ వాడేవారికి ఆఫ్‌లైన్ మోడ్ ఉంది. ప్రత్యేక హక్కు లేని కనెక్షన్లను అదే తెంపేస్తుంది, కొత్తవాటినీ రానివ్వదు. ఈ విషయంలో నాకు కొంచెం అసూయే.

అప్‌గ్రేడ్ అయ్యాక పాత పీజీ_హెచ్‌బీఏ దానంతటదే కొత్త సర్వర్‌కు రాదు. కొత్త సర్వర్‌ను సిద్ధం చేసే ఇనిట్‌డీబీకి ఏమీ చెప్పకపోతే ట్రస్ట్ పద్ధతి పెడుతుంది, అంటే అదే యంత్రం నుంచి వచ్చేవారికి పాస్‌వర్డే అక్కర్లేదు. పాత నియమాలు తెచ్చిపెట్టి, అప్లికేషన్ యంత్రం నుంచి, అప్లికేషన్ రోల్‌తోనే ఒకసారి లాగిన్ అయి చూసి, అప్పుడు గేటు తీయండి.