అడవి పైసలు ఏ ఖాతాల ఉంటయి? అమ్రాబాద్ నుంచి దామరచర్ల దాక

యాంకర్: నమస్తే. అమ్రాబాద్ టైగర్ రిజర్వు మన్ననూరు గేటు కాడ బండికి కట్టే పైసలు ఎటు పోతయి? దామరచర్లల పవర్ ప్లాంటుకు పోయిన అడవికి బదులు వచ్చిన పైసలు ఎటు పోయినయి? ఈ రెండూ ఒకే ఖాతా అనుకుంటరు మస్తు మంది. ఇయ్యాల ఆ లెక్క తేల్చుకుందాం. అక్కా, మొదలు కంపా సంగతి చెప్పు.

అతిథి: కంపా ఆఫీసరో, కంపెనీనో కాదు తమ్మీ. రోడ్డు, గని, ప్రాజెక్టు, కరెంటు లైను, దేనికైనా అటవీ భూమి తీసుకుంటే తీసుకున్నోళ్లు పైసలు కట్టాలె. ఆ పైసలు చూసే వ్యవస్థ అది. అడవుల మీద నడిచిన గోదావర్మన్ కేసుల సుప్రీంకోర్టు 2002ల ఈ నిధి పెట్టమన్నది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2016 అయింది, రూల్స్ 2018ల వచ్చినయి. అప్పటిదాక ఎక్కువ పైసలు ఢిల్లీలనే పడి ఉన్నయి. 2019 ఆగస్టుల రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా పంపిన్రు, అందుల తెలంగాణకు వచ్చింది 3,110 కోట్లు.

యాంకర్: కట్టే పైసలు ఎట్ల లెక్క కడతరు?

అతిథి: ముఖ్యమైనవి రెండు. ఒకటి, పోయిన అడవికి బదులు వేరే భూమిల చెట్లు పెంచే ఖర్చు. అది ఆ స్థలానికే కట్టుబడి ఉంటది. రెండోది ఎన్‌పీవీ, అంటే ఆ అడవి ముందు ముందు ఇచ్చే నీళ్లు, కలప, గాలి అన్నిటికీ ఇప్పటి ధర కట్టుడు. 2022ల సవరించిన రేట్ల ప్రకారం మన నల్లమల లాంటి ఎండకాలం ఆకురాల్చే అడవి పలచగ ఉంటే హెక్టారుకు సుమారు 9.57 లక్షలు, చానా దట్టంగ ఉంటే 13.57 లక్షలు. 10 హెక్టార్ల పలచటి అడవి పోతే దాదాపు 95.7 లక్షలన్నట్టు. అదే అభయారణ్యంల అయితే ఐదింతలు, నేషనల్ పార్కుల అయితే పదింతలు.

యాంకర్: యాదాద్రి థర్మల్ ప్లాంటుకు పోయింది చిన్న విస్తీర్ణం కాదు కదా.

అతిథి: దామరచర్ల మండలం వీర్లపాలెం కాడ 4,676 ఎకరాల అటవీ భూమి. ఇక్కడ ఒక మాట సూటిగ అనాలె. అడవి పోయేది నల్లగొండల, బదులు చెట్లు లేచేది ఇంకో జిల్లల కావచ్చు. చట్టం దాన్ని ఆపదు. దామరచర్ల మేకల కాపరికి ఆ కొత్త తోట దేనికీ అక్కరకు రాదు. చట్టంల నాకు కనబడే పెద్ద బొక్క ఇదే.

యాంకర్: వచ్చిన పైసలు ఎవలెవలు పంచుకుంటరు?

అతిథి: నూటికి 90 రాష్ట్ర నిధికి, 10 జాతీయ నిధికి. రాష్ట్రానికి వచ్చిన ఎన్‌పీవీల కనీసం 80 శాతం నేరుగా అడవి పనికే పెట్టాలె. సహజంగ మొలిచే చెట్లను కాపాడుడు, అగ్గి ఆపుడు, నీటి గుంటలు, కందకాలు, జంతువుల ఆవాసం బాగు చేసుడు, ఇవన్నీ అండ్లకే వస్తయి. మిగిలిన 20 శాతం లోపల సౌకర్యాలు, శిక్షణ. రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు, విదేశీ పర్యటనలు ఈ పైసలతోని చేయొద్దని రూల్స్‌లనే రాసి ఉంది. రాసిన్రంటే అంతకుముందు ఆ భయం ఉందనే కదా!

యాంకర్: మరి ఇన్ని పైసలుండి కూడా మొక్కలు ఎందుకు ఎండిపోతయి?

అతిథి: ఎక్కువ సార్లు పైసల కరువు కాదు, కాలం తప్పుడు. మొక్క పని వరుస చూడు. చలికాలంల నర్సరీల సంచులు నింపాలె. ఏప్రిల్, మే నెలల్ల గుంతలు తవ్వి ఎండకు వదిలిపెట్టాలె. మొదటి గట్టి వాన పడంగనే, జూన్ ఆఖరు, జులైల నాటాలె. అంటే ఒక్క మొక్క రెండు బడ్జెట్ సంవత్సరాల్ల నడుస్తది. పైసలేమో ఏడాదికొక్క ప్రణాళికతోని వస్తయి. దాన్ని ఏపీవో అంటరు. రాష్ట్ర కమిటీ తయారు చేయాలె, పై కమిటీ ఒప్పుకోవాలె, ఢిల్లీ ఆమోదించాలె, మల్ల రాష్ట్ర బడ్జెట్‌ల చేరాలె, ట్రెజరీల బిల్లు పాసు కావాలె. ఈ తొవ్వల ఏడ ఆగినా సెప్టెంబర్‌ల నాటుతరు. వేరు దిగక ముందే వానలు వెనక్కి పోతయి. మహబూబ్‌నగర్ ఎర్రనేలల్ల ఆ మొక్క మార్చి చూడదు.

యాంకర్: అగ్గి సంగతి కూడా అంతేనా?

అతిథి: ఇంకా అన్యాయం. నల్లమలల ఫిబ్రవరి నుంచి మే దాక అగ్గి కాలం. ఫైర్ లైన్లు, అంటే అగ్గి దాటకుండ ఖాళీ చేసే పట్టీలు, జనవరిలనే గడ్డి కోసి, ఆకు ఊడ్చి, కంట్రోల్‌గ కాల్చి పెట్టుకోవాలె. పైసలు మార్చి ఆఖరు వారం విడుదలైతే కాయితం మీద లైను ఉంటది, నేల మీద ఉండదు. ఫైర్ వాచర్ కూలి మూడు నెలలు ఆగితే ఆయన వేరే పనికి పోతడు. అడవి తెలిసిన చెంచు మనిషి పోయినంక వచ్చిన కొత్త మనిషికి ఏ కుంట కాడ తోవ తిరుగుతదో తెల్వదు.

యాంకర్: ఇగ మనుషులు అడవిని చూసే సంగతి. ఫరహాబాద్ సఫారీ, మల్లెల తీర్థం, ఇవి కంపా పైసలతోనేనా?

అతిథి: వేరే ఖాతా. వన్యప్రాణి చట్టం 38ఎక్స్ సెక్షన్ ప్రకారం ప్రతి టైగర్ రిజర్వుకు ఒక ఫౌండేషన్ ఉండాలె. రిజర్వుల వసూలైన ఎంట్రీ ఫీజులు ఆ ఫౌండేషన్ ద్వారా మళ్ల అక్కడికే తిరగాలె. స్థానికులతోని కలిసి ఎకో టూరిజం నడపాలని కూడా ఆ సెక్షన్‌లనే ఉంది. కాబట్టి గేటు కాడ రసీదు అడిగి తీసుకో. రసీదు లేకుంట ఇచ్చిన పైస ఆ ఖాతాకు చేరదు.

యాంకర్: అంటే సందర్శకులు పెరిగితే అడవికి పైసలు పెరుగుతయి?

అతిథి: ఒక హద్దు దాక. అమ్రాబాద్ మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందుల కోర్, అంటే గట్టి కాపలా ఉండే నడిమి భాగం, 2,166. టైగర్ రిజర్వుల కోర్‌ల టూరిజం జోన్ 20 శాతం దాటొద్దని 2012ల మార్గదర్శకాలు వచ్చినయి. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి రోజుల్లనే దారి ఇచ్చుడు కూడా ఇట్లాంటి లెక్కనే. ఆ లోయల ఒక్క దారి, ఒక్క గుండం. తాగే నీళ్లు, మెట్ల కాడ తాళ్లు, ప్లాస్టిక్ మోసుకొచ్చే మనుషులు, ఈ ఖర్చు ముందే పెట్టుకోకుంటే జాతర అయినంక ఏరుడు మస్తు కష్టం.

యాంకర్: అమెరికాల అడవులు, పార్కుల పైసలకు వేరే చట్టం ఉందంటరు.

అతిథి: ఉంది. సముద్రంల తవ్వే చమురు, గ్యాస్ రాయల్టీ నుంచి ఏటా 90 కోట్ల డాలర్లు భూసంరక్షణకు, పార్కులకు. నిధి 1964 చట్టంది, కానీ ఏండ్ల తరబడి పూర్తి పైసలు ఇయ్యలే. 2020ల కొత్త చట్టం చేసి కచ్చితం చేసిన్రు. ఆ నిధి రూల్స్‌ల నాకు నచ్చేది ఒక్క ముక్క: జనం పోయి తిరిగే దారుల కోసమే కనీసం 3 శాతం లేదా కోటిన్నర డాలర్లు, ఏది ఎక్కువైతే అది పక్కకు పెట్టాలె. మన కంపా చట్టంల అట్ల 'దారి' అని పేరు పెట్టిన పద్దు లేదు.

యాంకర్: మన పట్నాలకు ఏ పైసలు వస్తయి?

అతిథి: నగర్ వన్ అని కేంద్ర పథకం ఉంది, జాతీయ కంపా నిధి నుంచి హెక్టారుకు 4 లక్షలు. 10 నుంచి 50 హెక్టార్ల స్థలం కావాలె, అంటే ఎక్కువలెక్కువ 2 కోట్లు. కంచె, చెట్లు, నడక దారి వస్తయి. పథకం కాలం అయినంక బోరు మోటారు కాలిపోతే ఎవలు చేయాల్నన్న కాడ కొట్లాట. మన మున్సిపల్ చట్టం 2019ల 10 శాతం గ్రీన్ బడ్జెట్ ఉంది కదా, ఆ నిర్వహణను అండ్ల రాయించుకోవాలె. రిజిస్ట్రేషన్ కాడ కట్టే రూ.50 హరితనిధి కూడా ఉంది, అది వేరే ఖాతా.

యాంకర్: ఊళ్లో ఉండే మనిషి ఇదంతా ఎట్ల చూడాలె?

అతిథి: కేంద్రం అటవీ అనుమతులు చూపే పరివేష్ పోర్టల్‌ల ప్రాజెక్టు పేరు కొట్టు. స్టేజ్ 1, అంటే మొదటి విడత అనుమతి లెటర్‌ల షరతులు ఉంటయి, బదులు భూమి ఏ మండలం, ఎన్ని హెక్టార్లు అని. ఆ భూమి హద్దులు గీసిన కేఎంఎల్ ఫైలు దొరికితే గూగుల్ ఎర్త్‌ల తెరిచి, నాటక ముందు సంవత్సరం బొమ్మ, మొన్నటి ఎండకాలం బొమ్మ పక్కపక్కన పెట్టు. వానకాలం బొమ్మ చూడొద్దు, గడ్డి కూడా పచ్చగనే కనిపిస్తది.

యాంకర్: తేడా కనిపిస్తే?

అతిథి: డీఎఫ్‌వో, అంటే జిల్లా అటవీ అధికారి ఆఫీసుల ఆర్టీఐ, రూ.10. "కంపా వివరాలు" అని అడిగితే ఏమీ రాదు. స్థలం పేరు, కంపార్ట్‌మెంట్ నంబరు, సంవత్సరం రాసి మూడు అడుగు: నాటిన పని రాసే ప్లాంటేషన్ జర్నల్ నకలు, బతికిన మొక్కల లెక్క, ఆ ఏడాది ఏపీవోల ఆ స్థలానికి మంజూరైన పద్దులు. 30 రోజులల్ల జవాబు రావాలె. రాకుంటే ఇంకో 30 రోజులల్ల మొదటి అప్పీలు.

యాంకర్: గ్రామసభకు ఏమన్న పాత్ర ఉందా?

అతిథి: కంపా రూల్స్‌ల గ్రామసభతోని, లేకుంటే అటవీ యాజమాన్య కమిటీతోని, అంటే మన దగ్గర వన సంరక్షణ సమితి (వీఎస్ఎస్)తోని సంప్రదించాలె అని ఉంది. ఇది సంప్రదింపే, ఒప్పుకోలు కాదు. కోర్ నుంచి ఊరు లేపుడైతే లెక్క వేరు. అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ రాతపూర్వకంగ ఒప్పుకోవాలె, కుటుంబానికి ప్యాకేజీ 15 లక్షలు. నోటి మాట మీద సంతకాలు పెట్టొద్దు. ఇంకోటి, నీటి గుంట, ఫైర్ లైను, జాతర దారి, ఏది కావాల్నో తీర్మానం రాసి రేంజర్‌కు ఇచ్చి రసీదు తీసుకోవాలె. వచ్చే ఏడాది ఏపీవో రాసుడు మొదలయ్యే లోపల, దసరాకు ముందే. సంక్రాంతికి ఇస్తే ఆ కాయితం ఇంకో ఏడాది ఫైలుల పంటది.