అంచులు కత్తిరించకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివేశారు, నేను నేరుగా పనిలోకి దిగుతాను.

కెనడా రాకీ పర్వతాల పాత సర్వే ఫోటోలు చూసినవాళ్లంతా ‘ఎంత బాగున్నాయో’ అంటారు. నా గొడవ అక్కడే. అవి చూడ్డానికి తీసినవి కావు, కొలవడానికి తీసినవి.

1885లో కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం పూర్తయ్యింది, దాని దారిలోని కొండలకు పటాలు కావాల్సి వచ్చాయి. మైదానాల్లో గొలుసుతో చదరాలుగా కొలిచిన పద్ధతి కొండల్లో సాగలేదు. కెనడా సర్వేయర్ జనరల్ ఎడ్వార్ డెవిల్ శిఖరాల మీదకి కోణాలు కొలిచే థియొడొలైట్‌తో పాటు కెమెరానూ ఎక్కించాడు. వేసవిలో ఫోటోలు, చలికాలమంతా ఆఫీసులో గీతలు.

ఫోటో పడే గాజు పలక నిట్టనిలువుగా నిలిచేలా కెమెరాను లెవెల్ చేయాలి. చట్రం అంచుల్లోని గుర్తులు ఫోటోలో పడతాయి. ఎదురెదురు గుర్తులు కలిపితే ఒకటి దిగంత రేఖ, ఒకటి నిలువు రేఖ. ఒక రాయి నిలువు రేఖకు ఎంత పక్కగా ఉందో కొలిస్తే దాని దిశ తెలుస్తుంది, పటం మీద ఆ దిశలో ఒక గీత గీస్తారు. రెండో శిఖరం నుంచి గీసిన గీత దాన్ని ఖండించిన చోటే ఆ రాయి స్థానం. మూడో గీత సరిచూసుకోవడానికి. దిగంత రేఖకు ఎంత పైన, ఎంత కింద ఉందో కొలిస్తే ఎత్తు వస్తుంది. భూమి వంపు మరిచిపోతే 10 కిలోమీటర్ల దూరానికి 6.7 మీటర్లు తప్పుతుంది, గాలి చూపును వంచడం కూడా లెక్కలోకి తీసుకున్నాక!

శిఖరాలు మరీ దగ్గరైతే గీతలు ఏటవాలుగా కోసుకుంటాయి. గీతల మధ్య కోణం 10 డిగ్రీలే అయితే, 5 కిలోమీటర్ల దూరాన ఒక్క నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కోణం తప్పు పక్కకి మీటరున్నరే, లోతులో మాత్రం 8 మీటర్లు దాటుతుంది. మరీ దూరమైతే అదే రాయి రెండో ఫోటోలో ఆనవాలే పట్టదు. ఇక అడవి మంటల పొగ కమ్మితే రోజంతా దండగ.

ఇప్పుడు చెప్పండి, అందం కోసం అంచులు కత్తిరిస్తే ఏం మిగిలింది? గుర్తులు పోయాయి, దిగంత రేఖ పోయింది. స్కానింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీ కోసమే మళ్లీ చెబుతున్నా: అంచులు ముట్టుకోవద్దు. గాజు సాగదు, కాగితం తడిసి ఆరేసరికి కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోయిందో చెప్పేవి కూడా ఆ గుర్తుల మధ్య దూరాలే.

1915లో సర్వేయర్ బ్రిడ్జ్‌లాండ్ రాకీల్లోని జాస్పర్‌లో 92 స్టేషన్ల నుంచి, అంటే కెమెరా నిలిపిన చోట్ల నుంచి, 735 ఫోటోలు తీశాడు. దశాబ్దాల తర్వాత పరిశోధకులు అవే చోట్ల నిలబడి వాటిని మళ్లీ తీశారు. చోటు ఎలా దొరుకుతుందంటారా? ముందున్న బండకీ వెనక గట్టుకీ మధ్య సందు పాత ఫోటోలో ఎంతుందో అంతే కనిపించేదాకా జరగాలి. జూమ్‌తో సరిపెట్టడం కుదరదు, కాళ్లే జరగాలి.