ఐదు తీగల పుట్టినరోజు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే ఇద్దరు చదివారు, నేను మళ్ళీ చదవను. ఆ రెండు నిమిషాలు నాకు వేరే పనికి కావాలి.

ఈరోజు ఫిబ్రవరి 28. 1969లో ఇదే రోజున పాలకొల్లులో మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. 2014 సెప్టెంబరు 19న ఈ చెన్నైలోనే, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. మన సంగీతంలో పెద్దవాళ్ళు పోయిన తిథికి ఆరాధన చేయడం ఆచారం. త్యాగయ్యగారికి పుష్య బహుళ పంచమి నాడు చేస్తాం, చేయాల్సిందే. పుట్టినరోజు కూడా చేయండని నేను ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాను. ఎందుకంటే పుట్టినరోజు అంటే పిల్లవాడు గుర్తొస్తాడు. వాడి చేతిలో ఏముందో, అది చూసి పెద్దలు ఏమన్నారో గుర్తొస్తుంది.

ఇదిగో, ఇది మామూలు మాండలిన్. ముందు వరుసలోవాళ్ళు చూడండి, తీగలు ఎనిమిది. రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటుతున్నాను, వినండి. టింగుమంది, అయిపోయింది. దీని మీద తోడి రాగంలోని గాంధార స్వరాన్ని ఎలా ఊపుతారు? తీగ లాగితే జతలో రెండూ ఒకేలా సాగవు, శ్రుతి చెడుతుంది. శ్రీనివాస్ ఏం చేశాడు? జతలు వద్దనుకున్నాడు. కరెంటు మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. నాదం నిలిచింది, స్వరాన్ని ఊపే గమకం పలికింది.

శ్రీనివాస్ గురువుగారు రుద్రరాజు సుబ్బరాజుగారు, గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్‌గారి శిష్యులు. ఆయనకు మాండలిన్ రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను మాండలిన్ మెట్ల మీద వెతుక్కునేవాడు. తనకు రాని వాయిద్యానికి గురువుగా కూర్చోవడానికి ఎంత గుండె కావాలి? నేను పిల్లలకు సంగీతం చెబుతాను కాబట్టి నాకు తెలుసు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ళవాడు కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

కొత్తదనం తెచ్చింది శ్రీనివాస్ ఒక్కడే కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో బెంగళూరులో పుట్టారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను కచేరీ మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టారు. 1930 జులై 6న పుట్టిన బాలమురళిగారు నాలుగే స్వరాలతో మహతి రాగం కడితే, కొత్త రాగం పుట్టించానని చెప్పుకునే హక్కు ఆయనకుందా అని ఎంత గొడవ జరిగిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ గురించి ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను. వదిలేస్తున్నాను, ఒక సంగతి మనసులో మెలిపెడుతోంది.

మా వెస్ట్ మాంబళంలో నా దగ్గర నేర్చుకునే అబ్బాయి ఒకడున్నాడు, ఏడో తరగతి. గిటార్ వాయిస్తాడు. గమకం కోసం మెట్ల మధ్య చెక్కను కొద్దికొద్దిగా లోతు చేయించుకున్నాడు. వేళ్ళ చివర చర్మం రెండుసార్లు ఊడింది. పిల్లల కచేరీలకు ఎంపిక ఉందంటే పోయిన డిసెంబరుకు ముందు కచేరీలు పెట్టే ఒక సంగీత సభకు తీసుకెళ్ళాను. వాడు పెట్టె తెరిచాడు. గిటార్ చూసి, శ్రుతి కూడా చేయనివ్వకుండా, "వీణో వయొలినో నేర్చుకుని రా బాబూ" అన్నారు. వాడు మారుమాట్లాడకుండా పెట్టె మూసుకున్నాడు.

అమ్మా, అయ్యా, అలా అన్న పెద్దమనిషి తల వెనక గోడకు ఏ ఫొటో ఉందో తెలుసా? శ్రీనివాస్‌ది. చేతిలో మాండలిన్‌తో. గంధం బొట్టు, తాజా మల్లెపూల దండ. ఆ ఫొటోలోని పిల్లవాడు ఆరోజు ఆ గదిలోకి వచ్చి ఉంటే? నేను ఇంటికొచ్చాక కూడా ఆ దండనే తలచుకుంటూ కూర్చున్నాను. వాడిని కచేరీ మొదట్లో వాయించే వర్ణం ఒక్కటి వాయించమని అడిగి ఉండొచ్చు కదా! విన్నాక బాగాలేదంటే నేనే ఒప్పుకునేదాన్ని.

నిర్వాహకులను ఒకటి అడుగుతున్నాను, కాదనకండి. నాకు ఇంకా ఏడు నిమిషాలు ఉన్నాయి. ఆ తర్వాత నాకు శాలువా కప్పాలని కార్యక్రమంలో రాశారు. శాలువా వద్దు, ఆ సమయం కూడా ఇచ్చేయండి. మృదంగం అబ్బాయి ఇక్కడే ఉన్నాడు, మైకు ఉంది. ప్లగ్ పాయింట్ స్టేజీకి ఎడమపక్క ఉంది, వచ్చేటప్పుడే చూసుకున్నాను.

మూడో వరుసలో ఉన్నాడు వాడు. రా నాన్నా, పెట్టె పట్టుకుని పైకి రా. హంసధ్వని వర్ణం. తొందర లేదు, శ్రుతి చేసుకో, మేమందరం ఆగుతాం.