పాడ్‌కాస్ట్‌కు యజమాని ఎవరు?

అందరికీ నమస్కారం. పాడ్‌కాస్ట్, ఇంటర్నెట్ రేడియో వినడానికి ఒకేలా ఉన్నా వాటి కష్టాలు వేరు. ముందు వయసులో పెద్దదాని సంగతి చూద్దాం.

ఇంటర్నెట్ రేడియో పాడ్‌కాస్ట్ కంటే పాతది. కార్ల్ మాలమూడ్ 1993లోనే ఇంటర్నెట్ ద్వారా ముఖాముఖి కార్యక్రమాలు అందించారు. 1994 నవంబరులో అమెరికాలోని డబ్ల్యూఎక్స్‌వైసీ అనే విద్యార్థి రేడియో తన ప్రసారాన్ని నెట్‌లో పెట్టింది. మామూలు రేడియోలో ఒక ట్రాన్స్‌మిటర్ పరిధిలో వందమంది విన్నా లక్షమంది విన్నా ఖర్చు ఒకటే. నెట్‌లో మాత్రం ప్రతి శ్రోతకూ విడిగా ఒక స్ట్రీమ్ పంపాలి. 128 కేబీపీఎస్ నాణ్యతతో ఒక్కరు గంటసేపు వింటే సుమారు 58 ఎంబీ ఖర్చవుతుంది. వెయ్యిమంది వింటే 58 జీబీ. అంటే ఆదరణ పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది. దీనికి తోడు అమెరికాలో రికార్డింగు హక్కుల కోసం ఇంటర్నెట్ రేడియోలు ఒక్కో పాటకు, ఒక్కో శ్రోతకు లెక్కగట్టి రాయల్టీ చెల్లించాలి. ఎఫ్ఎం స్టేషన్లు తమ గాలి ప్రసారానికి ఆ రాయల్టీ కట్టనక్కరలేదు. ఈ వ్యత్యాసం నాకు ఏమాత్రం న్యాయంగా కనిపించదు. 2007లో రేట్లు పెంచినప్పుడు, జూన్ 26న ఎన్నో స్టేషన్లు నిరసనగా ఆ రోజంతా మౌనం పాటించాయి. చిన్న స్టేషన్లకు ఇచ్చిన రాయితీ 2015తో ముగియగానే, వాటికి ఆశ్రయమిచ్చిన లైవ్365 మరుసటి నెలలోనే మూతపడింది. తరువాత మరో యాజమాన్యంలో తిరిగి మొదలైంది.

పాడ్‌కాస్ట్‌ను నిలబెట్టింది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే కొత్త ఎపిసోడ్ల వివరాలు యాప్‌లు చదువుకునేలా నెట్‌లో ఉంచే జాబితా. 2000 డిసెంబరులో డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆ ఫీడ్‌లో ఆడియో ఫైలు చిరునామా చేర్చే వీలు కల్పించారు. ఆ చిరునామాను ఎవరి అనుమతీ అడగకుండా ఏ యాప్ అయినా చదవగలదు. 2005 జూన్‌లో ఆపిల్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లను చేర్చిన రెండు రోజుల్లోనే పది లక్షలకు పైగా సబ్‌స్క్రిప్షన్లు వచ్చాయి.

అయితే ఫైలు డౌన్‌లోడ్ అయిందని సర్వరుకు తెలుస్తుందే గాని, ఎవరైనా విన్నారో లేదో తెలియదు. 2023లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 వచ్చి, వినకుండా వదిలేసిన కార్యక్రమాల ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌లను తగ్గించగానే చాలామంది పాడ్‌కాస్టర్ల డౌన్‌లోడ్ లెక్కలు పడిపోయాయి. ప్రకటనదారులకు కచ్చితమైన అంకెలు కావాలి, పెద్ద ప్లాట్‌ఫారాల దగ్గర అవి ఉంటాయి. 2019లో స్పాటిఫై పాడ్‌కాస్ట్‌లు తయారుచేసే గిమ్లెట్‌ను, వాటిని తయారుచేసి పంచే సాధనమైన యాంకర్‌ను కొన్న తరువాత కొన్ని కార్యక్రమాలు ఆ ఒక్క యాప్‌కే పరిమితమయ్యాయి. ఫీడ్ మూసేసిన కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్ అనడానికి నాకు మనసొప్పదు.

ఫీడ్ తెరిచి ఉంటే ఏమవుతుందో 2024లో చూశాం. గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినా కార్యక్రమాలు ఆగలేదు. శ్రోతలు తమ సబ్‌స్క్రిప్షన్ల జాబితాను ఒక ఫైలుగా తీసుకుని మరో యాప్‌లో చేర్చుకుని, అవే కార్యక్రమాలను వినడం కొనసాగించగలిగారు. కొత్తగా మొదలుపెడుతున్నవారు తమ ఆడియో ఫైళ్లను, ఫీడ్‌ను నెట్‌లో ఉంచే హోస్టింగ్ సంస్థను ఎంచుకునే ముందు, రేపు వేరే చోటికి మారితే పాత ఫీడ్ చిరునామాను కొత్తదానికి మళ్లిస్తారా అని తప్పక అడగండి.